పానకాలు మాస్టారి వెనక సీటు

మా ముత్తాత రాఘవరావు పోచంపల్లి దిక్కున ఏడూళ్ళకు దేశ్‌ముఖ్. శిస్తు వసూలు హక్కు ఇచ్చే సర్కారు సనదు ఆయన పేరనే ఉండేది. మా తాత కిషన్‌రావు ఆ ఏడూళ్ళూ గుర్రం మీద తిరిగేవాడు. పొలం గట్టు తగాదా వస్తే గుర్రం దిగకుండానే తీర్పు చెప్పేవాడనీ, ఆ తీర్పు మీద ఎవరూ కోర్టుకు పోలేదనీ మా ఇంట్లో చెప్పుకునేవారు. మా నాన్న మాధవరావు నాటికి గుర్రం పోయింది, ఊళ్ళు పోయాయి, మిగిలిన భూమి కొంత కోర్టుల్లోనూ కొంత కోర్టుల కోసమూ పోయింది. నా వంతుకు వచ్చింది తాత గుర్రపు జీను ఒకటి, వీపు వంచకుండా నిలబడే అలవాటు ఒకటి.

నిన్న పొద్దున ఎల్.బి.నగర్ చౌరస్తాలో సిగ్నల్ పడింది. పక్కన ఆగిన ఒకాయన ఇంజను ఆపేసి, పచ్చ దీపం వెలగబోతుండగా మళ్ళీ తాళం తిప్పాడు. ట్యాంకులోంచి సన్నటి మూలుగు రెండు క్షణాలు వినిపించి ఆగిపోయింది. ట్యాంకు లోపలి చిన్న పెట్రోలు పంపు ఇంజనుకు తొలి గుక్క అందించే చప్పుడు అది. ఆ రొదలో ఇంకెవరికీ వినిపించి ఉండదు. నాకు వినిపిస్తుంది. వినడం నేర్పింది పానకాలు మాస్టారు. ఆ చప్పుడు చెవిన పడినప్పుడల్లా ఆయన ఎవరిదో బండి వెనక సీటు మీద, ఒళ్ళో డబ్బా పెట్టుకుని, తల కొంచెం పక్కకు వాల్చి కూర్చున్నట్టు కనిపిస్తారు. ఆయనను చూడనివాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. రాయవలసినవాణ్ణి నేనే కావడం నాకు గౌరవం తెచ్చే సంగతి కాదని చదివితే మీకే తెలుస్తుంది.

ఆయన పూర్తి పేరు పానకాలరావు. సొంత ఊరు మంగళగిరి. చిన్న వయసులోనే రేడియోలు విప్పడం నేర్చుకుని హైదరాబాదు వచ్చి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చిన్న శిక్షణ సంస్థలో టీవీ మరమ్మతు పాఠాలు చెప్పేవారు. మాస్టారు అన్న పిలుపు అక్కడ అంటుకున్నదే. పాడైన టీవీని బాగుచేయించడం మాని జనం కొత్తది కొనుక్కునే రోజులు వచ్చాక ఆయన పాఠాలకు వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. సుమారు అదే కాలంలో మోటారుసైకిళ్ళలో కార్బురేటరు పోయి, పెట్రోలు ఎప్పుడు ఎంత చిమ్మాలో తానే చూసుకునే చిన్న కంప్యూటరు రావడం మొదలైంది. స్పానరు పట్టిన మెకానిక్కులు దాన్ని చూసి జంకారు. మాస్టారు మాత్రం ఎప్పటి స్నేహితుడో ఎదురైనట్టు సంబరపడ్డారట. ఎల్.బి.నగర్‌లో హైవే మీంచి లోపలికి తిరిగే ఒక సందులో ఒంటి షట్టరు కొట్టు తీసుకుని, పసుపు రేకు మీద నీలం రంగుతో ‘పానకాలు ఆటో ఎలక్ట్రానిక్స్’ అని తన చేత్తోనే రాసుకున్నారు.

స్పానరు పనికి యాదగిరి ఉండేవాడు. నా ఈడు మనిషి, మలక్‌పేటలో పుట్టి పెరిగాడు. అతని తండ్రి రేసుకోర్సులో గుర్రాల సాలలో పనిచేసి రిటైరయ్యాడు. మా తాత గుర్రం సంగతి ఒకసారి నా నోటి నుంచి జారితే యాదగిరి పట్టుకున్నాడు. “మీ తాత ఒక్క గుర్రం ఎక్కిండు సార్. మా నాయన నలభై గుర్రాలు కడిగిండు. ఎవల్ది పెద్ద ఖాందాన్?” అని అడిగాడు. మాస్టారు నవ్వు ఆపుకోవడానికి సోల్డరింగ్ ఇనుమును ఊదుతున్నట్టు నటించారు.

నేను ఆ కొట్టుకు మొదట వెళ్ళింది పని కోసం కాదు, బండి చూపించుకోవడానికి. అప్పటికి నాకు ముప్ఫై ఒకటి. ఎలక్ట్రానిక్స్‌తో డిగ్రీ చేసి, ఒక షోరూములో చేరి, అక్కడి మేనేజరు వేలు ఆడించి పిలిచాడని మానేసి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక గది కిరాయికి తీసుకుని ఉంటున్నాను. నా బండి పెట్రోలు విపరీతంగా తాగుతోంది. మూడు చోట్ల చూపించాను. మూడు చోట్లా ఏవేవో మార్చారు. తాగడం మానలేదు. మాస్టారు నేను చెప్పినదంతా మధ్యలో ఒక్క ప్రశ్న వేయకుండా విన్నారు. తర్వాత సీటు ఎత్తి, అడుగున ఉన్న సాకెట్‌కు ఒక వైరు తగిలించి, దాని రెండో కొసన ఉన్న పుస్తకమంత నల్లటి డబ్బాను చేత పట్టుకుని, మీరు రోజూ ఎలా తోలతారో అలాగే తోలండి అంటూ నా వెనక ఎక్కేశారు. కొత్తపేట పండ్ల మార్కెట్టు మీదుగా దిల్‌సుఖ్‌నగర్ దాకా వెళ్ళి వెనక్కి వచ్చాం. బత్తాయి లారీల మధ్య దారి చేసుకుంటూ నేను చెమటలు కక్కాను. ఆయన డబ్బా మీది అంకెలు చూస్తూ కూర్చున్నారు. దిగాక చెప్పారు.

“బండికేం లేదండి. మీరు బ్రేకు మీంచి పాదం తీయరు. వీపు కూడా అంత బిగబట్టి కూర్చోకండి, ఎవరూ లాక్కుపోరు.”

కోపం వచ్చింది. అయినా మర్నాటి నుంచి పాదం తీసి నడిపాను. బండి తాగడం తగ్గింది. వారం తర్వాత ఆ సంగతి చెప్పడానికి వెళితే, తనకు చూపు తగ్గుతోందనీ, డబ్బా మీది చిన్న అక్షరాలు చదవడానికి చదువుకున్న మనిషి తోడు కావాలనీ, వీలుంటే వచ్చి కూర్చోమనీ అడిగారు. ఆయన చూపుకు ఏమీ కాలేదని, ఉద్యోగం లేని మనిషిని పిలిచే తీరు అదని, నాకు తెలియడానికి చాలాకాలం పట్టింది. నేల మీద కూర్చుని పనిచేయలేనని నేను ముందే చెప్పాను. మర్నాడు వెళ్ళేసరికి ఎత్తైన స్టూలు ఒకటి సిద్ధంగా ఉంది. దొరకు గద్దె వచ్చిందన్నాడు యాదగిరి. నేను దాని మీద కూర్చున్నాను.

డబ్బా అని మేం పిలిచే ఆ స్కానరు బండి కంప్యూటరుతో మాట్లాడుతుంది. ఇంజను ఎంత వేడెక్కింది, బ్యాటరీ ఎన్ని ఓల్టులు ఇస్తోంది, మనం చెయ్యి తిప్పినంత మేరా గాలి లోపలికి పోతోందా లేదా, అన్నీ అంకెల్లో చూపిస్తుంది. ఎక్కడైనా తేడా వస్తే కంప్యూటరు దాన్ని ఒక కోడుగా గుర్తుపెట్టుకుంటుంది. ఆ కోడు చదవడం ఎవరైనా ఒక పూటలో నేర్చుకోవచ్చు. చెరిపే మీట కూడా పక్కనే ఉంటుంది, చెరపడం ఇంకా తేలిక. మాస్టారు ఆ మీట మీద గుడ్డ పట్టీ ఒకటి అంటించి ఉంచారు, చెయ్యి ఊరికే దాని మీదికి పోకుండా. తాళం తిప్పగానే ముందు పంపు మూలుగు వినాలి. బండి తోలే మనిషి చెప్పేది పూర్తిగా వినాలి. అతన్ని మధ్యలో ఆపితే, సరిగ్గా ఆపిన చోటే రోగం ఉంటుందనేవారు. కోడును పుస్తకంలో రాసుకోవాలి. ఆ తర్వాత వెనక ఎక్కి, ఆ మనిషి రోజూ తిరిగే దారిలోనే తిరిగి రావాలి. నిలబెట్టిన బండి చుట్టాలింటికి వచ్చిన మనిషి లాంటిదనీ, అసలు గుణం బయటపెట్టదనీ ఆయన మాట.

ఒక కానిస్టేబులు బండి నాకు బాగా గుర్తు. ఎక్కడ పడితే అక్కడ ఆగిపోయేది. రెండు చోట్ల బ్యాటరీ మార్పించాడు. డబ్బా పెట్టి చూస్తే అన్నీ బాగున్నాయి. మాస్టారు అతని వెనక ఎక్కి వెళ్ళారు. ఖాకీ బట్టల మనిషి వెనక, ఒళ్ళో వైర్ల డబ్బాతో, దిగులుగా ముఖం పెట్టుకుని పోతున్న ఆయనను చూసి సందు చివర ఇస్త్రీ బండి నడిపే ఆవిడ పరుగెత్తుకొచ్చి, మీ మాస్టరును పోలీసులు పట్టుకుపోయారని చెప్పింది. యాదగిరి తాపీగా, ఆయన చేసిన పనులకు ఎప్పుడో పట్టుకుపోవలసింది అన్నాడు. మాస్టారు తిరిగొచ్చి, కానిస్టేబులు గారు హారను కొట్టినప్పుడల్లా బ్రేకు కూడా తొక్కుతారనీ, ఆ రెండూ కలిసినప్పుడు హెడ్‌లైటు కూడా వెలుగుతుంటే ఓల్టులు పడిపోతున్నాయనీ చెప్పి, ఒక తుప్పుపట్టిన తీగ మార్చి పంపించారు. ఆ తీగ నేను స్టూలు మీంచి పదేళ్ళు చూసినా నాకు దొరికేది కాదు.

వెనక ఎక్కే ఆ పని నేను చేయలేదు. మొదటిసారి ఆయన ఈసారి మీరు వెళ్ళిరండి అన్నప్పుడు వాకిట్లో ఉన్నది పాల వ్యాపారం చేసే ఒకాయన బండి. నేను ఎక్కనన్నాను. ఎందుకని అడిగితే నిజమే చెప్పాను. మా ఇంట్లో ఎవరూ ఇంకొకరి వెనక కూర్చోలేదు, మా తాత జీను మీద రెండో మనిషికి చోటు లేదు అన్నాను. ఇప్పుడు రాస్తుంటే ఆ మాట ఎంత అల్పమైనదో తెలుస్తోంది. ఆనాడు అలా అనిపించలేదు. యాదగిరి కూడా నవ్వలేదు. మాస్టారు కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

“సరే రావుగారూ. నిలబడ్డ బండ్లు మీరు చూడండి. నడిచే బండ్లు నేను చూస్తాను.”

అలా రెండేళ్ళు గడిచాయి. ఆయన మోకాళ్ళు వాచి ఉండేవి. ఎండలో, దుమ్ములో, ఎవరెవరి వెనకో ఎక్కి రోజుకు ఐదారుసార్లు దిల్‌సుఖ్‌నగర్ పోయి వచ్చేవారు. నేను స్టూలు మీద ఉండేవాణ్ణి.

అవి ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం రోజులు. హైవే మీద ఏదో ఒక ఊరేగింపు పోతూనే ఉండేది. నంబరు ప్లేటు మీద ఏపీ చెరిపి టీజీ అని రాసుకున్న బండ్లు మా కొట్టుకు వచ్చేవి. నా బండి మీద నేనూ రాయించుకున్నాను. ఊరేగింపుల్లో నడిచాను కూడా. అది మా నేల, ఆ విషయంలో నాకు రెండో అభిప్రాయం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. మాస్టారు ఆ సంగతి ఎత్తేవారు కాదు. రాష్ట్రం వస్తే నువ్వు పోతావా మాస్టరూ అని యాదగిరి ఒకసారి సూటిగా అడిగాడు. ఈ బండ్లన్నీ బాగైపోయాక పోతాలేవయ్యా అన్నారాయన. సందులో ఎవరికీ ఆయన మీద ద్వేషం లేదు. కానీ అంతకు ముందు మాస్టరు అని పిలిచినవాళ్ళే ఆయన లేనప్పుడు ఆంధ్ర మాస్టరు అనడం మొదలుపెట్టారు. చేరింది ఒక్క మాటే. దాని బరువు తర్వాత తెలిసింది.

సకల జనుల సమ్మెలో బస్సులు ఆగిపోయాయి. ఇళ్ళలో మూలపడిన బండ్లన్నీ రోడ్డెక్కాయి, ఎక్కిన వాటిలో సగం మా సందుకు వచ్చాయి. ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం మాస్టారు మోకాళ్ళు చూపించుకోవడానికి దవాఖానకు వెళ్ళారు. యాదగిరి సామాను తేవడానికి కోఠీ పోయాడు. నేను ఒక్కణ్ణే ఉన్నాను. అప్పుడు నర్సింహ వచ్చాడు.

నర్సింహ మా ఊరివాడు. వాళ్ళది నేత కుటుంబం. మా తాత తలపాగాలు నేసింది వాళ్ళ తాత. ఏటా మగ్గం మీంచి దిగిన మొదటి గుడ్డ ఊరకే మా గడికి, అంటే దొరల మేడకు, రావలసిందే, అది ఆచారం. నర్సింహ దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల దుకాణంలో పనిచేస్తూ అల్మాస్‌గూడలో ఉంటున్నాడు. రంగులో ముంచే ముందు నూలుకు ముడులు కట్టే పనిలో అతని భార్య సుగుణది మంచి చెయ్యి అని పేరు. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. ఆరోజు నాకు తెలిసింది ఒక్కటే. చేతులకు మసి పూసుకుని కొట్టులో కూర్చున్న నన్ను మా ఊరి మనిషి చూశాడు.

“దొరా, మీరు ఈడ...” అని ఆగిపోయాడు. అందులో ఎగతాళి లేదు. ఉంటే నాకు తేలికగా ఉండేది. నేను స్టూలు దిగి నిలబడి బండికి ఏమైందని అడిగాను. నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి బందవుతోందని చెప్పాడు.

“ఒక్కన్నే పోతే మంచిగనే ఉంటది దొరా. గని ఎప్పుడన్న...”

“సరే, చూస్త. నువ్వు ఆడ నిలబడు.”

అతను నేను చూపించిన చోట నిలబడ్డాడు. తాళం తిప్పాను. పంపు మూలిగింది. డబ్బా తగిలించాను. అంకెలన్నీ సరిగ్గా ఉన్నాయి. పంపుకు కరెంటు ఎప్పుడో ఆగినట్టు పాత కోడు ఒకటి మాత్రం ఉంది. ఇప్పుడు మూలుగుతోంది కదా అనుకున్నాను. ఆ కోడు అర్థం తెలియాలంటే అతని వెనక ఎక్కి అల్మాస్‌గూడ దాకా పోయి రావాలి. వాళ్ళ తాత మా గడి ముందు చెప్పులు చేత పట్టుకుని నిలబడిన మనిషి. ఆ దారిలో మా ఊరివాళ్ళు ఇంకెందరున్నారో. గుడ్డ పట్టీ తొలగించి మీట నొక్కాను. కోడు చెరిగిపోయింది. పుస్తకంలో రాయలేదు. ఏమీ కాలేదు, తీసుకుపొమ్మన్నాను. అతను రెండు చేతులూ జోడించి వెళ్ళాడు.

మూడో రోజు సాగర్ రింగురోడ్డు దగ్గర, సుగుణను వెనక కూర్చోబెట్టుకుని పోతుండగా, ఒక గుంత దాటగానే ఆ బండి ఆగిపోయింది. వెనక వస్తున్న ఆటో తగిలింది. నర్సింహకు మోచేతులు గీరుకుపోయాయి. సుగుణ కుడి చెయ్యి కింద ఆనించి పడింది. మణికట్టు దగ్గర ఎముకలు నలిగిపోయాయి.

మర్నాడు పొద్దున అల్మాస్‌గూడ నుంచి ఏడెనిమిది మంది వచ్చారు. నర్సింహ లేడు, అతను దవాఖానలో ఉన్నాడు. ఆ బండి ఎవరు చూశారని వాళ్ళలో పెద్దమనిషి అడిగాడు. యాదగిరి నా వైపు చూశాడు. మాస్టారికి బండి సంగతి అప్పుడే తెలుస్తోంది. ఆయన కూడా నా వైపు చూశారు, యాదగిరిలా కాదు, జ్వరం వచ్చిన మనిషిని చూసినట్టు. వచ్చినవాళ్ళలో ఇద్దరు మా ఊరివాళ్ళని నేను గుర్తుపట్టాను. వాళ్ళు నన్ను గుర్తుపట్టారు. నోరు తెరవడానికి నాకు ఎంత సమయం కావాలో అంత సమయం ఉంది. తెరవలేదు. మాస్టారు షట్టరు దాటి బయటికి వచ్చి నిలబడ్డారు.

“మా కొట్టులోనే చూశామండి. తప్పు నాది.”

ఆంధ్రోని చేతిలో పెడితే ఇట్లనే అవుతుందని ఒకడన్నాడు. మా పిల్ల చెయ్యి పోగొట్టి నువ్వు చల్లగా దుకాణం నడుపుకుంటావా అని ఇంకొకడన్నాడు. ఎవరూ చెయ్యి చేసుకోలేదు, కొట్టులో ఒక్క వస్తువు ముట్టుకోలేదు. అది కూడా చెప్పాలి. చాలాసేపు తిట్టారు. ఆయన చేతులు కట్టుకుని చివరిదాకా విన్నారు, మధ్యలో ఎవరినీ ఆపలేదు. వెళ్ళబోతూ మా ఊరివాళ్ళలో ఒక ముసలాయన నా దగ్గరికి వచ్చాడు.

“మీరన్న జర చెప్పుండ్రి దొరా గీనెకు. మీరు పెద్దింటోళ్ళు.”

నేను వీపు నిటారుగా పెట్టి నిలబడి తల ఊపాను.

ఆ బండిని యాదగిరి మర్నాడు ట్రాలీ ఆటోలో వేసుకొచ్చాడు. హ్యాండిలు వంగింది, మిగతాది బాగానే ఉంది. మాస్టారు డబ్బా తీయలేదు. తాళం తిప్పమన్నారు. పంపు మూలిగింది. ఆపించి, తాను వెనక సీటు ఎక్కి కూర్చుని, మళ్ళీ తిప్పమన్నారు. చప్పుడు లేదు. దిగారు, మూలిగింది. ఎక్కారు, లేదు. అలా నాలుగుసార్లు ఎక్కి దిగారు ఆ మోకాళ్ళతో. నాలుగోసారి దిగేటప్పుడు యాదగిరి భుజం పట్టుకోవలసి వచ్చింది.

సీటు విప్పితే అంతా తెలిసింది. చీరల మూట పట్టుకుని భార్య ఇబ్బంది లేకుండా కూర్చోవాలని నర్సింహ పొడుగు సీటు వేయించాడు. దాని అడుగున ఉన్న రేకు అంచు పంపు వైరును కొంచెం కొంచెంగా కోస్తూ వచ్చింది. ముందు కూర్చునే మనిషి బరువుకు ఏమీ కాదు. వెనక మనిషి ఉండి బండి గుంతలో పడితే వైరు విడిపోతుంది. ప్రమాదం నాటికి రెండు పోగులే మిగిలాయి. నర్సింహ చెప్పబోయినదీ నేను ఆపినదీ అదే. ఆరోజు నేను అతని వెనక ఎక్కి ఉంటే, సందు చివరి గుంత దగ్గరే డబ్బా చెప్పి ఉండేది.

యాదగిరి చేతులు కడుక్కుని బయటికి పోయాడు. నేను వెళ్ళి వాళ్ళకు నిజం చెబుతానన్నాను. మాస్టారు వైరు కొసలు అతుకుతూ తల ఎత్తలేదు.

“బోర్డు మీద ఎవరి పేరుంటే తప్పు వాళ్ళదండీ. నేను పని నేర్చుకున్న చోట అదే పద్ధతి.” ఒక కొస అతికించి రెండోది అందుకున్నారు. “మిమ్మల్ని ఎక్కమని నేను గట్టిగా చెప్పాల్సింది. మీ మనసు నొచ్చుకుంటుందని ఊరుకున్నాను. అదీ తప్పేగా.”

ఆ తర్వాత పుస్తకం తీసి, ఆ బండి నంబరు వేసి, కింద ‘వెనక ఎక్కలేదు’ అని రాసి తన సంతకం పెట్టారు. నేను వెళ్ళి చెబుతానన్న మాటకు ఆయన వద్దనలేదు. ఆ సంగతి నేను అప్పుడు గమనించలేదు. వద్దన్నారనే అనుకున్నాను. అలా అనుకోవడం నాకు అనుకూలంగా ఉంది.

సుగుణను చూడడానికి ఆయన మలక్‌పేట దవాఖానకు, ఆమె ఇంటికి వెళ్ళాక అల్మాస్‌గూడకు, చాలాసార్లు వెళ్ళారు. నేను వెళ్ళలేదు. ఎముకలు అతికాయి కానీ మణికట్టు తిరగదని, ముడి బిగించలేదని యాదగిరి చెప్పాడు. నర్సింహకు నిజం తెలుసు కదా, బండి చూసింది నేనని అతను ఎప్పుడైనా నలుగురిలో అంటాడని రోజూ ఎదురుచూశాను. అతను అనలేదు. మా గడి మీది పాత గౌరవమే అతని నోరు నొక్కిందని నాకు నేను చెప్పుకున్నాను. అందులో కొంచెం తృప్తి కూడా పడ్డాను. దాచుకోవడానికి ఇప్పుడేమీ లేదు కనుక రాస్తున్నాను.

కొట్టుకు బండ్లు తగ్గాయి. ఎవరూ రావద్దని చెప్పలేదు, మానేశారంతే. ఏడెనిమిది నెలలకు షట్టరు యజమాని మర్యాదగానే ఖాళీ చేయమన్నాడు. మాస్టారు నిచ్చెన వేయించుకుని బోర్డు తానే దింపారు. స్టూలు యాదగిరికి ఇచ్చారు. డబ్బా, పుస్తకం నా చేతిలో పెట్టి, ఇక మీరు చూడాల్సినవి నడిచే బండ్లేనండీ అన్నారు. ఎల్.బి.నగర్‌లో విజయవాడ బస్సు ఎక్కించడానికి ఇద్దరం వెళ్ళాం. కిటికీ పక్కన కూర్చున్నాక ఆయన నన్ను దగ్గరికి పిలిచారు.

“అల్మాస్‌గూడ వైపు ఎప్పుడైనా వెళ్ళారా?”

లేదన్నాను. సరే అన్నట్టు తల ఊపారు. సుగుణ ఎలా ఉందో కనుక్కోవడానికి అడిగారనుకున్నాను. బస్సు కదిలింది.

రాష్ట్రం వచ్చింది. మా సందులోనూ జెండా ఎగరేసి మిఠాయి పంచారు. ఆ వానాకాలంలోనే మంగళగిరి నుంచి యాదగిరికి ఫోను వచ్చింది. మాస్టారు పోయి అప్పటికి నాలుగు రోజులైంది. యాదగిరి నన్ను తన ఇంటికి పిలిచి ఆ మాట చెప్పి, నా స్టూలు మీద, అంటే ఆయన నా కోసం చేయించిన స్టూలు మీద కూర్చుని, చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. నాకు ఏడుపు రాలేదు. ఆ వచ్చిన ఆదివారం పొద్దున అల్మాస్‌గూడ వెళ్ళాను.

ముందు గదిలో ఇద్దరు ఆడవాళ్ళు చెక్క చట్రానికి చుట్టిన నూలుకు ముడులు కడుతున్నారు. సుగుణ పక్కన కూర్చుని ఎడమ చేత్తో చూపిస్తూ వాళ్ళకు చెబుతోంది. కుడి చెయ్యి ఒళ్ళో ఉంది. నర్సింహ కుర్చీ తెచ్చి వేశాడు. నేను కూర్చోలేదు. మాస్టారు పోయారని చెప్పాను. తర్వాత ఆ బండి చూసింది నేనని, నీ మాట మధ్యలో ఆపింది నేనని, కోడు చెరిపింది నేనని, అడిగిననాడు నోరు తెరవనిది నేనని, అంతా నిలబడే చెప్పాను. ముడులు కట్టే చేతులు ఆగిపోయాయి. నర్సింహ భార్య వైపు చూశాడు. సుగుణ నా వైపు తిరిగింది.

“మాకు ఎరుక లేదా దొరా? బండి మీ చేతికిచ్చింది గీయినే గద.” ఆమె గొంతులో కోపం లేదు. “మీ గడికి భయపడి సప్పుడు జెయ్యలే అనుకున్నరా? దవాఖానకు ఒచ్చిన మొదటిరోజే మాస్టరు అడిగిండు. ‘రావుగారు ఒస్తరమ్మా, ఆయన నోటితోనే జెప్తరు, అప్పటిదాంక ఎవ్వలితోని అనకుండ్రి’ అన్నడు. ఒచ్చినప్పుడల్ల అడుగుతుండె, ఒచ్చిన్రా అని. ఆ ఊరు పోయినంక గూడ రెండు మాట్ల ఫోన్ జేసి అడిగిండు.”

“ఒస్తడు, జర ఆగుండ్రి అన్నడు” అన్నాడు నర్సింహ.

అప్పుడు అతను వేసిన కుర్చీలో కూర్చున్నాను.

ఇప్పుడు అదే సందులో, ఆ షట్టరుకు నాలుగు గడపల అవతల, నాకు ఒక కొట్టు ఉంది. బోర్డు మీద నా పేరు ఉంది. యాదగిరి నాతోనే ఉన్నాడు. డబ్బా పాతదైపోయింది, కొత్త బండ్లకు కొత్తది కొన్నాను. దాని చెరిపే మీట మీద కూడా గుడ్డ పట్టీ ఉంది. బండి తెచ్చినవాళ్ళు ఎంతసేపు చెప్పినా వింటాను. మాట ముగిసిందనిపించాక ఇంకా ఏమైనా ఉందా అని అడుగుతాను. నిన్న పొద్దున సిగ్నల్ దగ్గర ఆ పంపు మూలుగు విన్నప్పుడు నేను ఉన్నది కూడా కూరగాయలమ్మే ఒకాయన బండి వెనక సీటు మీదే. ఆయన నా పేరు కూడా అడగలేదు.

మా తాత జీను పోయిన వేసవిలో అమ్మేశాను. అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర సినిమాలకు సామాను కిరాయికిచ్చే అతను కొన్నాడు.